మూల చింపిన కార్డు

నాకొకప్పుడు స్టాంపుల పిచ్చి ఉండేదని ఇప్పుడు ఎవరితోనూ అనను. పిల్లలెవరైనా ఆల్బం తెచ్చి చూపించబోతే బాగుందమ్మా అనేసి వేరే పని వెతుక్కుంటాను. ఈవిడకి ఇలాంటివి పట్టవు కాబోలు అనుకుంటారు. అనుకోనీ, నాకేం నష్టం.

గుంటూరు వైపు నుంచి మెదక్ ఆడపిల్లల స్కూలుకి ఉద్యోగం మీద వచ్చినప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి ఏడెనిమిదేళ్లయింది. ఆంధ్ర నుంచి వచ్చిన ఒంటరి ఆడదానికి ఇల్లు ఇవ్వడానికి ఊళ్లో చాలామంది వెనకాముందూ ఆడారు. ఒక ముసల్మాను ముసలావిడ మాత్రం నన్ను ఎగాదిగా చూసి, "టీచరమ్మవా? రా బిడ్డా, ముందటి అర్ర ఖాళీగనే ఉన్నది" అంది. వాడంతా ఆమెని అమ్మీ అనేవారు. నేనూ అమ్మీ అన్నాను. ఇంట్లో ఆమె, ఆమె కొడుకు, కోడలు. ముగ్గురే. కొడుకు బస్టాండు దగ్గర మోటారు రిపేరు దుకాణం పెట్టుకున్నాడు. అతనికి ముప్పై లోపే ఉంటాయి.

నాకు ముక్కు మీదే కోపం. దిగిన వారానికే అతనితో పోట్లాడాను. పొద్దున్నే నా కిటికీ కింద మోటారు సైకిలు స్టార్టు చేసేవాడు. ఆ పొగంతా నా గదిలోకి వచ్చి, ఉతికి ఆరేసిన చీరలకి కూడా పట్టేది. బయటికొచ్చి నోటికొచ్చినట్టు దులిపేశాను. అతను మర్నాటి నుంచి బండిని రోడ్డు దాకా తోసుకుంటూ పోయి అక్కడ స్టార్టు చేసేవాడు. వానలో కూడా తోసుకుంటూ పోయేవాడు. నాకే సిగ్గేసి, ఇక్కడే చేసుకో నాయనా అంటే నవ్వి ఊరుకున్నాడు.

ఆ మోటారు సైకిలు అతని ప్రాణం. యుద్ధం నాటి మిలిటరీ బండ్లు సికింద్రాబాద్‌లో వేలం వేస్తే తుక్కు కింద కొన్నవాళ్ల దగ్గర ముక్కలు ముక్కలుగా తెచ్చుకున్నాడు. చట్రం ఒక బండిది, చక్రాలు ఒక బండివి, ట్యాంకు ఇంకొకదానిది. మెదక్‌లోనే కాదు, ఆ చుట్టుపక్కల ఏ మెకానిక్కు చేసినా పని అంతే. మూడు చచ్చిన బండ్లతో ఒక బతికిన బండి తయారు చేస్తారు. అందులో తప్పేముందో ఎవరికీ తెలియదు.

నేను రాకముందే జరిగిన సంగతి ఒకటి ఉంది. పెద్ద చర్చి చూడటానికి ఒక దొర, దొరసాని మోటారు సైకిలు మీద వచ్చారట. గొలుసు తెగింది. ఇతను కట్టిచ్చాడు. ఎక్కడి నుంచి వచ్చారని అడిగితే, దొర సుద్దముక్క తీసుకుని దుకాణం నేల మీద గీత గీశాడట. లండన్ నుంచి ఇక్కడి దాకా, ఓడ ఎక్కకుండా, సముద్రం అడ్డొచ్చిన ఒకటి రెండు చోట్ల తప్ప అంతా రోడ్డే. వాళ్లు పోయాక ఆ గీతని నెల రోజులు చెరగనివ్వలేదు. అక్కడ ఎవరైనా కాలు పెడితే అరిచేవాడని అతని భార్యే చెప్పి నవ్వేది.

"వాళ్లది గక్కడి నుంచి గీడికొచ్చే రోడ్డయితే, నాది గీడి నుంచి గక్కడికి పోయే రోడ్డు గాదా టీచరమ్మా?" అని నన్ను అడిగాడొకసారి. పక్కనున్న చేగుంట దాటి పోవాలంటేనే నాకు బస్సులో కడుపులో తిప్పుతుంది.

మూడేళ్లు తంటాలు పడ్డాడు. పాస్‌పోర్టు కోసం హైదరాబాద్‌కి తిరిగి తిరిగి చెప్పులు అరిగాయి. బండికి కూడా పాస్‌పోర్టు లాంటి పుస్తకం ఒకటి కావాలట. ఏ దేశంలోకి వెళ్లినా లోపలికి ఒక ఠప్పా, బయటికి ఒక ఠప్పా వేస్తారు. బండిని అక్కడ అమ్ముకోకుండా, మార్చుకోకుండా ఆ కట్టుదిట్టం. అందులో చట్రం నంబరు, ఇంజను నంబరు రాసి ఉంటాయి. ఆ పుస్తకం బొంబాయి నుంచి వచ్చిన రోజు అమ్మీ వాడంతా చక్కెర పంచింది.

సరిగ్గా బయలుదేరడానికి ఇరవై రోజుల ముందు, తూప్రాన్ దాకా బండి నడిపి చూసొస్తానని వెళితే దారిలో ఇంజను పగిలింది. మళ్లీ సికింద్రాబాద్ పరిగెత్తి ఇంకో ఇంజను తెచ్చి బిగించాడు. అమ్మినవాడు నంబరు వేసి ఒక పచ్చ చీటీ రాసిచ్చాడు. ఆ కొత్త నంబరు పుస్తకంలో ఎక్కించుకోవాలి కదా. అతనికి ఆ ఆలోచనే రాలేదు. ఇంజను కడుపులో ఎక్కడో ఉన్న నంబరుని ఎవడు చూస్తాడు, మన దగ్గర ఎవడైనా చూశాడా? చీటీని రేకు డబ్బాలో పడేసి, ఆ డబ్బాని నా గది అటక మీద పెట్టి పోయాడు.

పోయిన రోజు నాకు బాగా గుర్తు. అమ్మీ అతని జబ్బకి పైసా చుట్టిన గుడ్డ కట్టింది, క్షేమంగా చేరాక దాన్ని ఎవరికైనా దానం ఇవ్వాలట. కోడలు తలుపు వెనకే నిలబడింది. పోవద్దని ఒక్కసారి కూడా అనలేదా అని తర్వాత అడిగాను. "అన్న గదక్కా. ఈడ ఉన్నా గా రోడ్డు మీదనే ఉంటడు, ఇగ పోనీ అనుకున్న" అంది. ఆ బండి పోతే ఇంకో బండి చేసుకునే శక్తి అతనికి జన్మలో లేదని ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

ఉత్తరాలు రావడం మొదలయ్యాయి. లాహోర్ నుంచి ఒకటి, కాబూల్ నుంచి మూడు. కాబూల్‌లో ఒక గ్యారేజీలో నెల రోజులు పని చేశాడు. తర్వాత హెరాత్, మషద్, టెహ్రాన్. కోడలికి ఉర్దూ చదవడం వచ్చు. వాకిట్లో కూర్చుని అత్తకి చదివి వినిపించేది, మళ్లీ నా కోసం తెలుగులో చెప్పేది. ఏదో కనుమలో మే నెలలో మంచు పడిందట. ఒక ఊళ్లో లారీ డ్రైవర్లు ఇతని ఫారసీ కలిసిన ఉర్దూ విని, నువ్వు కవిత్వం మాట్లాడుతున్నావని పొట్ట చెక్కలయ్యేలా నవ్వారట. అమ్మీకి మాత్రం ఒకటే ప్రశ్న. "తిన్నడా, ఏం తిన్నడు, గది సదువు."

ఇక నా సంగతి. చదవడం అయిపోగానే కోడలు కవరు నాకిచ్చేది. స్టాంపు ఉన్న మూలని చింపి, సాసరులో నీళ్లు పోసి నానబెడితే కాగితం నుంచి స్టాంపు ఊడి వచ్చేది. ఆరబెట్టి ఆల్బంలో అంటించుకునేదాన్ని. అఫ్గాన్ స్టాంపులు, ఇరాన్ రాజు బొమ్మలు. స్కూల్లో హెడ్మిస్ట్రెస్‌కి కూడా చూపించి గొప్పలు పోయాను. ఆ పోయినవాడి క్షేమం కంటే ఆ కాగితపు ముక్కల కోసమే ఎక్కువ ఎదురుచూశానేమో అని ఇప్పుడు అనిపిస్తుంది. అనిపించడం ఏమిటి, నిజమే.

శ్రావణంలో ఒకరోజు మధ్యాహ్నం అన్నం తినడానికి ఇంటికొచ్చాను. ముందురోజు నుంచి వాన పడుతూనే ఉంది, ఇంటి ముందు మోరీ నిండుగా పారుతోంది. తిని మళ్లీ స్కూలుకి బయలుదేరుతుంటే గడప దగ్గర పోస్టుమేన్ ఎదురొచ్చాడు. ముసలాయన. తలకి గోనెసంచి కప్పుకుని ఉన్నాడు. "ఇగో టీచరమ్మా, పరదేశం మీంచి కార్డు" అని నా చేతిలో పెట్టి పోయాడు. ఈసారి కవరు కాదు, కార్డు. నిండా ఉర్దూ రాత. మూల మీద నేనింతవరకు చూడని స్టాంపు.

అవతల బెల్లు కొట్టే వేళయింది. సాయంత్రం దాకా ఆగలేకపోయాను. ఎలాగూ నాకే ఇస్తారు కదా అనుకుని స్టాంపు ఉన్న మూలని చింపుకున్నాను. దాన్ని సాసరులో నీళ్లలో వేసి, కార్డుని వసారా గూట్లో పెట్టి, "అమ్మీ, కార్డొచ్చింది" అని లోపలికి కేకేసి స్కూలుకి పరిగెత్తాను. ఆ మధ్యాహ్నం పిల్లలకి లెక్కలు చెప్పాను. హాయిగా చెప్పాను.

నాలుగున్నరకి తిరిగొస్తుంటే వీధి మొగలోనే ఏడుపులు వినిపించాయి. మా ఇంటి ముందు జనం. లోపల ఆడవాళ్లు అమ్మీ చుట్టూ కూర్చుని ఉన్నారు. ఆమె గోడకి ఆనుకుని నోరు తెరుచుకుని చూస్తోంది, ఏడవడం లేదు. కోడలు నేల మీద ఉంది. ఆమె చేతులకి గాజులు లేవు. ముక్కలు పక్కన ఊడ్చిపెట్టి ఉన్నాయి.

ఏమైందని పక్కింటి దర్జీ భార్యని అడిగాను. ఆమె కళ్లు తుడుచుకుంటూ, "పిలగాడు పోయిండట టీచరమ్మా. మూల చింపిన కార్డొచ్చింది" అంది.

మూల చింపితే ఏమిటని అడిగాను. ఆమె నన్ను వింతగా చూసి, ఆ సంగతి కూడా తెలియదా అన్నట్టు చెప్పింది. చావు కబురు రాసిన కార్డుకి ఒక మూల చింపి పంపుతారు. చేతిలోకి తీసుకోగానే చదవకుండానే తెలిసిపోతుంది. అలాంటి కార్డుని గడప దాటించకూడదు, దాచుకోకూడదు, అక్కడికక్కడే చింపి పారేయాలి. అమ్మీ భర్త నిజామాబాద్ వైపు ఎక్కడో మిల్లులో పనిచేస్తూ పోయినప్పుడు కూడా అలాంటి కార్డే వచ్చిందట. ఆమెకి చదువు రాదు, కానీ ఆ మూల సంగతి ఒకసారి అనుభవించింది. ఇవాళ గూట్లోంచి కార్డు తీసింది, మూల చూసింది, ముక్కలు ముక్కలుగా చింపి మోరీలో వేసింది. కోడలు పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చేసరికే అంతా అయిపోయింది.

మా వైపు అశుభం కబురొస్తే చదివాక చింపుతారు. మూల చింపి పంపడం నేను పుట్టి బుద్ధెరిగాక వినలేదు. గదిలోకి వెళ్లాను. సాసరులో స్టాంపు విడిపోయి తేలుతోంది. దాని వెనకాల ఉన్న కార్డు ముక్క మీద సిరా కరిగి నీళ్లు నీలంగా అయ్యాయి. అక్కడ ఏవో రెండు మూడు మాటలు ఉండే ఉంటాయి. అవి కూడా లేవు.

నిజం చెప్పాలంటే తలుపు వేసుకుని కాసేపు నిలబడ్డాను. ఎంతసేపో తెలియదు. పెట్టె సర్దుకుని రాత్రి బస్సుకి పారిపోదామని కూడా అనుకున్నాను. బయట ఎవరో గట్టిగా ఏడ్చారు. అప్పుడు సాసరు చేత్తో పట్టుకుని ఆడవాళ్ల మధ్యకి వెళ్లాను.

"అమ్మీ, ఆ మూల చింపింది నేనే. స్టాంపు కోసం చింపాను. కార్డు మంచిగానే వచ్చింది" అన్నాను.

ఆమె నా వైపు చూసింది. "నన్ను ఓదార్చెతందుకు జెప్తున్నవా బిడ్డా?"

సాసరు ఆమె ముందు పెట్టాను. స్టాంపు చూపించాను, ఆ ముక్క చూపించాను. పోస్టుమేన్ నా చేతికే ఇచ్చాడని, నేను వసారాలో నిలబడి చింపానని, వేలితో చోటు చూపించి చెప్పాను. చెప్పిందే మూడుసార్లు చెప్పాను. ఒకావిడ నన్ను తిట్టింది. ఇంకొకావిడ, ఆంధ్రోళ్లు గిట్లనే చేస్తరు అంది. అమ్మీ మాత్రం నా రెండు చేతులూ పట్టుకుని తన కళ్లకి అద్దుకుని అప్పుడు ఏడ్చింది. మధ్యాహ్నం నుంచి ఏడవని మనిషి నా చేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చింది. నాకు ఆ చేతులు నరుక్కోవాలనిపించింది.

అప్పుడు కోడలు లేచి కూర్చుంది. బోడి చేతులు ఒళ్లో పెట్టుకుని అడిగింది.

"దాంట్ల ఏం రాసిండక్కా?"

నాకు ఉర్దూ రాదు. చదవలేదు.

వెలుతురు ఉన్నంతసేపూ మోరీ వెంబడి వెతికాం. నేను చీర ఎగదోపుకుని మోకాళ్ల లోతు మురికిలో దిగాను. మోరీ వీధి చివర పొలాల్లోకి పడుతుంది. మధ్యాహ్నం నుంచి నాలుగు గంటలు నీళ్లు పారాయి. రెండు ముక్కలు దొరికాయి, రెండింటి మీదా రాత లేదు. స్టాంపు మీద పడ్డ ముద్రలో ఊరి పేరు సగమే ఉంది. మిగతా సగం కార్డు మీద పోయింది. స్కూల్లో ఉర్దూ చెప్పే ముసలాయన భూతద్దం పెట్టి చూసి, ఇరాన్ స్టాంపేనమ్మా, ఏ ఊరో చెప్పలేను అని అద్దం మూసేశాడు.

ఆ కార్డులో ఏముందో తర్వాత తెలిసింది. ఇప్పుడే చెప్పేస్తాను, దాచి ఉపయోగం లేదు. టర్కీ పొలిమేరకి ఇవతల ఇరాన్ ఆఫీసర్లు గుడ్డని కిరసనాయిల్లో ముంచి ఇంజను తుడిచి నంబరు చూశారు. పుస్తకంలో ఉన్నది అది కాదు. దొంగ బండి అన్నారు. బండిని షెడ్డులో పెట్టి తాళం వేశారు. అతను కాళ్లావేళ్లా పడితే, ఇంజను కొన్న కాగితం రెండు నెలల్లో తెచ్చి చూపిస్తే వదులుతాం, లేకపోతే బండి సర్కారుది అన్నారు. "అటక మీద రేకు డబ్బాల పచ్చ చీటీ ఉన్నది. టీచరమ్మతోని అడ్రసు రాపిచ్చి రిజిస్టరు పోస్టుల పంపుండ్రి" అని, తను ఉంటున్న చాయ్ హోటల్ అడ్రసు రాశాడు. అంతే ఆ కార్డు. రెండు వారాల్లో మా చేతికి వచ్చింది. ఆ రోజే చీటీ పంపి ఉంటే ఇంకా నెల రోజులు మిగిలేవి.

ఆ చీటీ నేను పడుకునే చోట నెత్తి మీద ఉంది.

మర్నాడు అమ్మీ గాజులావిడని పిలిపించి కోడలికి చేతుల నిండా గాజులు తొడిగించింది. ఆ పిల్ల చేతులు చాపి, తల పక్కకి తిప్పుకుని కూర్చుంది. మేం ఏం చేయగలమో అన్నీ చేశాం. అన్నీ అంటే ఏమీ లేదు. టెహ్రాన్ ఉత్తరంలో అతను దిగిన సరాయి పేరు ఉంటే అక్కడికి రాశాం. మన దేశపు ఆఫీసు అక్కడ ఉంటుందని ఎవరో అంటే, ఇంగ్లీషులో నేనే అర్జీ రాశాను. ఇలాంటి మనిషి ఇలాంటి మోటారు సైకిలు మీద వెళుతున్నాడు, కనిపిస్తే ఇంటికి రాయమని చెప్పండి అని. రాస్తుంటేనే నాకు తెలుసు అది ఎంత వెర్రి పనో. ఎవరు పట్టించుకుంటారు? ఏ రోడ్డు మీద వెతుకుతారు? ఆ మధ్యలో స్కూల్లో పాఠం చెబుతూ చెబుతూ చెప్పిన లెక్కే మళ్లీ చెప్పేదాన్ని. పిల్లలు నోటుపుస్తకాలు దించి నా మొహం వైపు చూసేవారు.

కోడలు నన్నేమీ అనలేదు. రోజూ పోస్టుమేన్ వచ్చే వేళకి గడపలో నిలబడేది. నేను ఇంట్లో ఉంటే లోపలే ఉండిపోయేదాన్ని. పోస్టుమేన్ చేతి నుంచి నేను ఇంకెప్పుడూ ఏదీ తీసుకోలేదు.

దసరా సెలవులు అయిపోయాక ఉత్తరం వచ్చింది. కోడలు వాకిట్లో కూర్చుని చదివింది. ముందు తనలో తాను చదువుకుంది, ఆమె పెదాలు కదలడం ఆగిపోయింది. తర్వాత పైకి చదివింది. మీకు కార్డు రాశాను. చీటీ కోసం రోజూ పోస్టాఫీసుకి పోయాను. గడువు అయిపోయాక కూడా నాలుగు రోజులు షెడ్డు ముందు కూర్చున్నాను. బండిని తీసేసుకున్నారు. నా సామాను నాకిచ్చారు. లారీలు పట్టుకుని తిరిగొస్తున్నాను. అమ్మీ, నేను తిన్నాను, రంది పెట్టుకోకు.

నేను నిచ్చెన వేసుకుని అటకెక్కాను. రేకు డబ్బా దించాను. మూత తీస్తే పైనే ఉంది పచ్చ చీటీ, మడత కూడా నలగలేదు. వెతకడానికి ఒక్క నిమిషం పట్టలేదు. అమ్మీ దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. "పంపుదాం బిడ్డా. ఏమో, ఇస్తరేమో" అంది. ఇవ్వరని ముగ్గురికీ తెలుసు. అయినా మర్నాడు రిజిస్టరు పోస్టులో పంపాం. అది చేరిందో లేదో కూడా మాకెప్పుడూ తెలియలేదు.

చలికాలంలో ఒక సాయంత్రం హైదరాబాద్ బస్సు దిగి వచ్చాడు. మొదట నేను గుర్తుపట్టలేదు. చెంపలు లోపలికి పోయాయి, ఎవరిదో పొడుగు కోటు వేసుకున్నాడు. భుజానికి సంచి, అందులో పానాలు, స్క్రూడ్రైవర్లు. అమ్మీ అతని మొహమంతా తడిమింది. అతను భార్య వైపు చూసి, "గాజులు కొత్తగున్నయే" అని నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. ఎలా నవ్విందో నాకు తెలియదు. నేనైతే నా గదిలోకి వచ్చేశాను.

అన్నం తిన్నాక గోడవతల అతని మాట వినిపించింది. కార్డు రాలేదా అని అడుగుతున్నాడు. నేను లేచాను, చెప్పేద్దామని చెప్పులు కూడా వేసుకున్నాను. ఈలోగా అమ్మీ అనేసింది.

"రాలేదు బిడ్డా."

కోడలు కంచాలు తీస్తున్న చప్పుడు వినిపించింది. నేను చెప్పులు విప్పేశాను.

ఇదే నేను చేసిన రెండో పాపం, మొదటిదానికంటే పెద్దది. మొదటిది తెలియక చేశాను. మర్నాడు చెప్పేయనా అని అమ్మీని అడిగితే, నువ్వు నోరు తెరవకు అంది, కారణం చెప్పలేదు. అతను మళ్లీ దుకాణం తెరిచాడు. ఎవరెవరి బండ్లో బాగుచేసేవాడు. ఎవరైనా నీ బండేదని అడిగితే, పోస్టోళ్లు మింగిన్రు అనేవాడు. రాత్రీ పగలూ అతనికి అదే ధ్యాస. బండి పోయినందుకు కాదట, ఒక్క కార్డు, ఒక్కటంటే ఒక్క కార్డు చేరకపోయినందుకట.

చివరికి ఒకరోజు నా దగ్గరికే వచ్చాడు. "టీచరమ్మా, మీరు చదువుకున్నోళ్లు. ఫారిన్ కార్డు రాలేదని పెద్దాఫీసుకు ఇంగ్లీషుల అర్జీ రాసియ్యుండ్రి" అన్నాడు. రేపు రాస్తానన్నాను. మర్నాడు తలనొప్పన్నాను. మూడో రోజు పరీక్ష పేపర్లన్నాను. నాలుగో రోజు కాగితం, కలం తనే తెచ్చి నా ముందు కూర్చున్నాడు. అమ్మీ వాకిట్లో బియ్యం చెరుగుతూ, తల ఎత్తకుండా చెరుగుతూనే ఉంది. నేను రాశాను. నా చక్కటి దస్తూరీతో, మా కార్డు మాకు అందలేదు అని రాశాను. అతను ఇంగ్లీషు అక్షరాల కింద ఉర్దూలో సంతకం పెట్టి, మస్తు మంచిగ రాసిన్రు అన్నాడు.

నెల తిరిగాక విచారణకి ఒక ఇన్‌స్పెక్టరు వచ్చాడు, వెంట మా పోస్టుమేన్. వసారాలో కుర్చీ వేశాం. ఆ ముసలాయన భయం భయంగా నిలబడి ఉన్నాడు, ఖాకీ చొక్కా గుండీలన్నీ పెట్టుకుని. ఇన్‌స్పెక్టరు అడిగితే, "ఆనకాలంల ఒక కార్డొచ్చింది సాబ్. నేను టీచరమ్మ చేతిల పెట్టిన" అన్నాడు.

అబద్ధం చెప్తుండు అని అమ్మీ కొడుకు లేచాడు. కార్డు మోసుకొచ్చినోడివైతే ఇంట్లోవాళ్లకి తెలియదా, పోగొట్టినోడివి ఆమె మీద పెడుతున్నవా అని ముసలాయన మీదకి వెళ్లాడు. పోస్టుమేన్ నా వైపు చూశాడు. బతిమాలుతున్నట్టు కూడా లేదు ఆ చూపు. ఏమి చెబుతానో చూద్దామని చూశాడంతే. ఇంక రెండేళ్లలో రిటైరయ్యే మనిషి.

"నాకే ఇచ్చాడు" అన్నాను.

తర్వాత మిగతాది కూడా చెప్పాను. స్టాంపు, మూల, గూడు, మోరీ. కోడలి గాజుల సంగతి దగ్గర ఆగాను. అతను నా వైపు చూడలేదు. తల్లి వైపు తిరిగాడు.

"రాలేదన్నవ్ గదా అమ్మీ."

అమ్మీ చేట పక్కన పెట్టింది. "నువ్వు సచ్చినవని ఇల్లంత ఏడిసినం బిడ్డా. నీ పెండ్లాం గాజులు పగలగొట్టిన్రు. బతికున్నవని జెప్పింది ఈమెనే. జెప్పకుండ ఊకుంటె ఎవలకు తెలుస్తుండె? నీ కోపం ఈమె మీద పడొద్దని అబద్ధమాడిన. బండి పోయింది, పోనీ."

ఇన్‌స్పెక్టరు ఇబ్బందిగా కాగితాలు సర్దుకున్నాడు. కొడుకు గడప మీద కూర్చుండిపోయి రెండు చేతులతో మొహం రుద్దుకున్నాడు. నన్ను తిడతాడేమోనని చూశాను. తిట్టాలని కోరుకున్నాను. చాలాసేపటికి లేచి, పోస్టుమేన్ భుజం మీద చెయ్యి వేసి, ఇన్‌స్పెక్టరుతో అన్నాడు.

"కార్డు అందింది సాబ్. ఈయనది ఏం తప్పు లేదు. రాసుకోండ్రి."

ఇన్‌స్పెక్టరు రాసుకుని కాగితం ముందుకు జరిపాడు. అతను సంతకం పెట్టి కలం నా చేతికిచ్చాడు. సాక్షి అని ఉన్న చోట నేను పెట్టాను.